మంచులో దీపము, నీటిపై దీపము

తాడేపల్లిగూడెము ప్రాంతమునుండి ఒక శ్రోత మాకొక ఉత్తరము వ్రాసిరి. వారి కుమార్తె ఫిన్లాండు దేశమున కాపురమున్నది. మార్గశిరమాసపు రాత్రి తన యింటి ముంగిట వెలిగించిన ఒక దీపము ఛాయాచిత్రమును ఆమె తండ్రికి పంపినది. ప్రమిద లేదు, గాజు చిమ్నీ లేదు. కుండవలె బోలుగా నున్న మంచుగడ్డ, దాని కడుపులో ఒక క్రొవ్వొత్తి. "ఇటువంటి దీపమును మన యేలూరు సీమలో ఎన్నడైన ఎవరైన చేసిరా? చేయ వీలగునా?" అని ఆ పెద్దమనిషి ప్రశ్న. వీలుకాదని మూడు పంక్తులు వ్రాసి పంపవచ్చును. మేము మొదట అట్లే చేయబోతిమి. కాని మంచు మన దేశమునకెట్లు వచ్చినదో, కొల్లేటి యొడ్డునకు చేరి ఏమి చేసినదో తలపోయగా ఆ జవాబు మూడు పంక్తులతో తెమలలేదు. ఈ ప్రసంగము అట్లు పుట్టినది.

ముందు ఆ దీపము చేయు విధానమును చెప్పెదము. శీతదేశములలో నీరు గడ్డకట్టు రాత్రి ఒక బకెట్టునిండ నీరు పోసి ఆరుబయట నుంచుదురు. చలిగాలి తగులు పైభాగమునను, ప్రక్కలయందును నీరు ముందుగా గడ్డకట్టును. అడుగున నేలయో, పొడిమంచో ఉండుటచేత అచ్చట ఆలస్యమగును. నడుమ నీరు అన్నిటికంటె కడపట గట్టిపడును. తెల్లవారుసరికి గోడలు రెండు మూడు వ్రేళ్ల మందమున ఏర్పడియుండగా బకెట్టును బోర్లించి, పలుచగా నున్న అడుగును పగులగొట్టి, లోపలి నీటిని పారబోయుదురు. మిగిలినదే దీపగృహము. క్రొవ్వొత్తి వేడికి మంచు కరగిపోదా యని శంక కలుగవచ్చును. ఒక గ్రాము మంచును కరగించుటకు పట్టు వేడితో అంతే నీటిని సున్న డిగ్రీలనుండి ఎనుబది డిగ్రీల వఱకు కాచవచ్చును. వెలుపలి గాలి సున్నకు దిగువనుండగా ఒక్క క్రొవ్వొత్తి ఆ గోడలనేమియు చేయజాలదు. హెల్సింకిలో డిసెంబరునెల నడుమ పగలు ఆరుగంటలైన నుండదు. అట్టి చీకటిలో వాకిట వెలుగు కావలెనన్న కోరిక సహజమే. చీనా యుత్తరభాగమునందలి హార్బిన్ నగరమున 1963లో మంచుదీపముల ఉత్సవము మొదలై, నేడు మంచుతో మేడలు, గోపురములు కట్టి లోపల విద్యుద్దీపములు వెలిగించునంతటి సంబరముగా పెరిగినది.

మన సీమలో అట్టి రాత్రి రాదు. పుష్యమాసపు తెల్లవారుజామునగూడ ఏలూరిలో వేడిమి సాధారణముగ పదునైదు డిగ్రీలకు పైననే యుండును. మన్యములో లంబసింగివంటి చోట కొన్ని యేండ్లు సున్న దరిదాపులకు దిగి గడ్డిపై తెల్లని పేరుడు కనబడును గాని, బకెట్టునీరు గడ్డకట్టునంతటి చలి అదియు కాదు. మన భాషయే ఇందుకు సాక్షి. ఆకుపై బిందువైనను, కొల్లేటిపై తెల్లవారి క్రమ్ముకొను పొగవంటిదైనను, హిమవంతముపై గడ్డయైనను మనకు మంచే. వేఱుచేసి చెప్పవలసివచ్చినప్పుడు "గడ్డ" యని తోక తగిలించితిమి. అంగడికి అది వచ్చిన పిదప ఆ శ్రమకూడ మాని "ఐసు" అన్నాము.

ఉత్తరదేశమున మాత్రము యంత్రములు రాకపూర్వమే మంచు చేసిరి. సర్ రాబర్టు బార్కరను దొర 1775లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు అలహాబాదు ప్రాంతపు పద్ధతిని వర్ణించెను. బయలు నేలలో గుంటలు త్రవ్వి, వానిలో చెఱకుపిప్పియో, మొక్కజొన్న చొప్పయో మందముగ పఱచి, దానిపై లోతులేని మట్టిమూకుళ్లు పేర్చి, కాచి చల్లార్చిన నీరు పోయుదురు. నిర్మలమైన ఆకాశము, గాలిలేని రాత్రి యైనచో నీటి వేడి పైకి పోవును. క్రింది చొప్ప నేల వేడిని తగులనీయదు. వెలుపలి గాలి సున్నకు పైననున్నను మూకుటిలో పలుచని పొర కట్టును. సూర్యుడు రాకముందే కూలివారు దానిని ఏరి, దిమ్మిసలతో కొట్టి, గోతిలో దాచెడివారు. ఈ కిటుకు మన తీరమున సాగకపోవుటకు కారణము గాలిలోని తేమ. సముద్రము ఒకవంక, కొల్లేరు ఒకవంక, పంటకాలువలు నడుమ నుండగా మన రాత్రి యాకాశము ఎప్పుడును ఒక తడిదుప్పటి కప్పుకొనియే యుండును.

పిదప మంచు ఓడలమీద వచ్చినది. అమెరికాలో బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలమున చెఱువులపై పేరుకొన్న గడ్డలను ఱంపములతో కోయించి, ఱంపపుపొట్టులో పొదిగి ఓడలకెత్తించెను. 1833లో అతని మంచుతో "టస్కనీ" యను ఓడ నాలుగు నెలలు పయనించి కలకత్తా చేరినది. బయలుదేరినప్పుడు 180 టన్నులు, దిగినప్పుడు సుమారు 100 టన్నులు. రెండుమార్లు భూమధ్యరేఖను దాటి సగమునకు మించి మిగులుట ఆ పొట్టు మహిమ. మద్రాసులో దానిని దాచుటకై 1842లో సముద్రపుటొడ్డున గుండ్రని కట్టడము లేచినది. ఐస్‌హౌసను పేరు దానికి నేటికిని విడువలేదు. వివేకానందస్వామి 1897లో పాశ్చాత్యదేశములనుండి తిరిగివచ్చి తొమ్మిది దినములు అందే బసచేసిరి. అప్పటికది మంచు విడిచి మనుష్యుల నివాసమైనది. తన వాల్డెన్ సరస్సు నీరు మద్రాసువారి గ్లాసులలో కరగుచున్నదని హెన్రీ థోరో 1854లో వెలువడిన గ్రంథములో వినోదముగా తలచుకొన్నాడు. అప్పుడు మద్రాసు మనకు రాజధాని. ఆ గ్లాసు దొరలది; మన తాతముత్తాతలలో దానిని తాకినవారు బహుశః కొలదిమంది గుమాస్తాలు, బట్లర్లు మాత్రమే. 1874లో మద్రాసునందే యంత్రముతో మంచుచేయు కంపెనీ నెలకొనుటతో ఓడమంచు వ్యాపారము క్షీణించినది.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిదప రెండు నదుల కాలువలు ఏలూరిలో కలిసినవి. గోదావరినుండి బయలుదేరిన పడవ తాడేపల్లిగూడెము, ఏలూరు మీదుగ కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువలో పడి, బకింగ్‌హాము కాలువగుండ మద్రాసు చేరుటకు కాలక్రమమున మార్గమేర్పడినది. ధాన్యము, కలప, పొగాకు దానిపై నడిచినవి. గట్టుపై మనుష్యులు త్రాడు పట్టి లాగు పడవలో, మన యెండలో, మంచు ప్రయాణము చేయుట మాత్రము ఊహకందదు. మంచు మనకు రావలెనన్న ఇచ్చటనే పుట్టవలెను. అందుకు ఐసుమర కావలసివచ్చినది.

ఐసుమరను చూడనివారికొఱకు రెండు మాటలు. అమ్మోనియా వాయువును యంత్రముతో నొక్కి ద్రవముగ మార్చి, గొట్టములలో మరల వాయువుగ విడిచినచో అది చుట్టుప్రక్కల వేడిని గుంజుకొనును. ఆ గొట్టములు ఉప్పునీటి తొట్టిలో మునిగియుండును. ఉప్పు కలిసినందున ఆ నీరు సున్నకు పది డిగ్రీలు దిగినను గడ్డకట్టదు. దానిలోనికి మంచినీరు పోసిన నిలువుడబ్బాలను దింపుదురు. డబ్బా గోడలవెంబడి మంచు మొదలై లోపలికి జరుగును; నీటిలో కరగియున్న గాలిని తనముందు నెట్టుకొనిపోవును. అందుచేత దిమ్మ అంచులు గాజువలె నుండి, నడిమిభాగము తెల్లగా మసకబారును. అనగా డబ్బాను కొన్నిగంటలు ముందుగా పైకి తీసినచో లోపల నీరు, చుట్టు మంచుగోడ. ఫిన్లాండువారి బకెట్టులో చలిరాత్రి చేయు పనినే మన తొట్టిలో ఉప్పునీరు చేయుచున్నది. అందుచేత ఆ శ్రోతకు మేము వ్రాయబోయిన "వీలుకాదు" అను మాట తప్పు.

ఈ మంచు దీపముకొఱకు రాలేదు. చేపలకొఱకు వచ్చినది. కొల్లేటి కథలో మంచుపాత్రను గూర్చి వ్రాసినవారు తక్కువ గనుక ఇచ్చట కొంచెము నిలిచి చెప్పవలసియున్నది.

పూర్వము కొల్లేటి చేపకు మంచుతో పనిలేదు. వెదురుమావులలో, వలలలో పడు కొఱ్ఱమీనుకు, మార్పుకు నీటి వెలుపల గాలి పీల్చు శక్తి కలదు. కొంచెము నీరుగల కుండలోనుంచి సంతకు తెచ్చినను ప్రాణముతో కదలుచుండును. తక్కినది ఆ పూటకే వండుకొనుదురు, లేదా ఎండబెట్టుదురు. తాటిదోనెపై వచ్చిన చేప ఒకటి రెండు పగళ్ల ప్రయాణమునకు లోబడిన దూరమే పోగలదు. సరస్సుపై మనుష్యుని ఆశకు ఆ దూరమే హద్దు. వానకాలమున బుడమేరు, తమ్మిలేరు వఱదను కొల్లేరు మ్రింగి, ఉప్పుటేరుగుండ మెల్లగా కడలికి విడుచును. నీరు తీసినచోట ఎండకారు వరి వేసెడివారు. నీరు పెరిగినప్పుడు దేవునిపై భారము వేసెడివారు.

1900లో గోదావరిపై రైలువంతెన నడచుటతో మద్రాసు, హౌరాలు ఒకే మార్గమున కలిసినవి. వంగదేశపు చేపల అంగడి ఏలూరికి రెండు రాత్రుల దూరమైనది. రైలు దూరమును తగ్గించినది గాని, చేప కుళ్లుటను ఆపలేదు. ఆ పని మంచు చేసినది. 1970వ దశకమున ప్రభుత్వమే కొల్లేటి గ్రామముల జాలరులకు, పేదలకు సహకారసంఘములు కూర్చి సరస్సు గర్భమున చెఱువులు త్రవ్వించినది. ఉద్దేశము మంచిదే. వఱదకు పంట పోగొట్టుకొను జనమునకు ఒక ఆధారము కావలెను. కాని ఆ చెఱువులలో పెంచినవి బొచ్చె, శీలావతి. అవి కొఱ్ఱమీనువంటి మొండిప్రాణులు కావు. నీటినుండి తీసిన కొలదిసేపటికే చచ్చును. కలకత్తా చేరవలెనన్న వానికి పొరపొరకు దంచిన మంచు పోయక తప్పదు. ఐసుమర, చేపల చెఱువు ఒకదానికొకటి ఊతమై పెరిగినవి. ఆకివీడు, కైకలూరు దారిలో వేకువజామున ప్రయాణముచేసినవారికి తెలియును: చేపలబండి ముందు పోవుచుండగా తారురోడ్డుపై సన్నని తడిచార నిడుపునను సాగును. అది కరగిన మంచు.

ఆ తడిచార ఎంత దూరము సాగినదో సరస్సు అంతగా గట్లమధ్య చిక్కినది. సముద్రమట్టముకంటె పదియడుగుల యెత్తునకు నీరు నిలిచినచో కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు వ్యాపించును. అయిదడుగుల మట్టమున దాని విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు. ఈ లోపలి భాగమును 1999లో పక్షిసంరక్షణ కేంద్రముగ ప్రకటించిరి. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రామ్‌సార్ పట్టికలో చేరినది. 2006లో చెఱువుగట్లను ప్రేలుడుపదార్థములతోగూడ కొట్టివేసిరి. కూల్చినది ధనికుని గట్టును, సంఘసభ్యుని గట్టును గూడ. పిమ్మట అనేకస్థలములలో గట్లు మరల లేచినవి. ఈ వివాదమున ఒకరిని దోషిగా నిలుపుట మాకు సమ్మతము కాదు. ఆ గట్టుపై బ్రతుకు నిలుపుకొన్నవారు మా శ్రోతలు. ఉప్పుటేరు సన్నగిల్లి వఱద యింటిలోనికి వచ్చినదని మొఱపెట్టుకొనువారును మా శ్రోతలే. మంచులేనిచో ఆ వ్యాపారము అంత పెరిగియుండెడిది కాదని మాత్రము మా యభిప్రాయము.

ఇక దీపము సంగతి. శీతకాలమున ఆరుబయట దీపమునుంచుట మనకు క్రొత్తది కాదు. ఏలూరి చెంతనున్న పెదవేగి రాజధానిగా ఏలిన శాలంకాయనులకు కులదైవము చిత్రరథస్వామి, అనగా సూర్యుడు. అది వెలుగును కొలిచిన నేల. తరువాతి శతాబ్దులలో ద్రాక్షారామమువంటి ఆలయముల శాసనములు చదివినచో అఖండదీపమునకై చేసిన దానములే పెక్కు కనబడును. దాత గొఱ్ఱెలనో, ఆవులనో కాపరులకప్పగించును. వారు ప్రతిదినము మానెడు నేయి దీపమునకు కొలువవలెను. మంద పెరుగుచుండును గనుక దీపము ఆరదని నమ్మకము.

అది గర్భగుడి దీపము. కార్తీకమాసమున వెలుపలి దీపమునకు ప్రాధాన్యము. శివాలయముల ధ్వజస్తంభముపై ఆకాశదీపము కట్టుదురు. చిల్లులు పొడిచిన ఇత్తడిపాత్రలో నూనె, వత్తి యుంచి, సందెవేళ త్రాటితో పైకి లాగుదురు. పితృదేవతలకు దారి చూపుటకని పెద్దలు చెప్పుదురు. భీమవరము సోమారామమునను, పాలకొల్లు క్షీరారామమునను ఆ నెల దానిని చూచుటకే సాయంకాలము జనము చేరును. చిల్లులెందుకనగా, గాలి దెబ్బ తగులకుండవలెను, వత్తికి ఊపిరి ఆడవలెను, వెలుగు వెలికి రావలెను. ఫిన్లాండువారు మంచుగోడతో సాధించునది ఈ మూడే. పౌర్ణమినాడు ఎండుగడ్డి తోరణము కట్టి నిప్పంటించి దానిక్రింద పల్లకిని నడిపించు జ్వాలాతోరణము మఱియొక వేడుక; దానిని గూర్చి మఱియొకసారి చెప్పెదము.

మా మనస్సునకు మిక్కిలి దగ్గఱిది అరటిదొప్ప దీపము. మార్గశిర శుద్ధపాడ్యమి, పోలిపాడ్యమి. తెల్లవారకముందే తమ్మిలేటి యొడ్డునను, గూడెము కాలువ రేవులలోను స్త్రీలు గుంపులుగా దిగుదురు. అరటిబోదె పొరను జానెడు ముక్కగ కోసి, దానిపై నేతవత్తులుంచి వెలిగించి నీటిలో విడిచి, చేతితో మూడుమార్లు ముందునకు త్రోయుదురు. ఆ పొరను అడ్డముగ కోసిచూడుడు: తేనెపట్టువలె గదులు, గదులనిండ గాలి, అందుచే తేలును. గోడలనిండ నీరు, అందుచే మంట అంటుకొనదు. ఇంతటి అనువైన దీపపాత్రను ఏ శిల్పియు చేయలేదు, చెట్టు చేసినది. పెరటిలో గెల కోసిన చెట్టుచాలు, వీధికంతకు దొప్పలు వచ్చును.

పోలి కథ తెలియని తెలుగుయిల్లు లేదు. అత్త తక్కిన కోడండ్రను వెంటబెట్టుకొని నదికి పోవును. కడగొట్టు కోడలిని ఇంటిపని చేయుమని విడిచిపోవును. ఆమె చెట్టుక్రింద రాలిన ప్రత్తి తీసి వత్తిచేసి, కవ్వమునకంటిన వెన్న రాచి, దీపము వెలిగించి, ఎవరి కంటను పడకుండ బుట్ట బోర్లించును. విమానము ఆమెకే వచ్చును. ఈ కథ చెప్పుకొనుచు మన స్త్రీలు ప్రతియేట ఆ చలినీటిలో దిగుచున్నారు. పోలి ఇంటనే యుండి స్వర్గమునకు పోయినదిగదా, మీరెందుకు రేవునకు పోవుదురని మేము చిన్నతనమున అడిగి మొట్టికాయ తినియుంటిమి.

నేడు ఆ రేవులలో రెండు చిక్కులున్నవి. కాలువలో గుఱ్ఱపుడెక్క క్రమ్మినచోట దొప్ప నాలుగుబారలు పోకమునుపే ఆకులలో చిక్కి ఆరిపోవును. రెండవది, పెరటి అరటి తగ్గి, అంగళ్లలో తెల్లని థర్మోకోలు పళ్లెరములు అమ్ముట. చేపలను మంచుతో కూర్చి పంపు పెట్టెలలోను ఆ పదార్థమే. అరటిదొప్ప మూడునాళ్లలో కుళ్లి చేపకు మేతయగును. ఆ తెల్లపళ్లెము డ్రెయినులబడి కొల్లేరు చేరి, పెలికానులు గూళ్లు కట్టు ఆటపాక రేవులకు కొట్టుకొనివచ్చిన ఆశ్చర్యము లేదు. పోయిన యేట రేవులో ఒక ముదుసలి ఆ పళ్లెమును చేతబట్టి, "ఇది మునగదు, తేలదు, చావదు" అని విసుగుకొనుచు మెట్టుపై నుంచి, దీపమును మాత్రము ఊరక మెట్టుమీదనే వెలిగించుట మేము చూచితిమి.

శ్రోతగారి ప్రశ్నను కాగితముపైననే తేల్చుట న్యాయము కాదని, కార్తీకమాసమున ఏలూరిలో ఒక ఐసుమరకు పోయి అడిగితిమి. అచ్చటి పనివారు నవ్విరి గాని కాదనలేదు. పెద్దడబ్బా మనుష్యుడు మోయలేడని, ఒక ఇనుపబకెట్టులో మంచినీరు పోసి ఉప్పునీటి తొట్టిలో అంచువఱకు వ్రేలాడదీసిరి. ఎన్నిగంటలకు తీయవలెనో వారికి వ్రేలితో తట్టిచూడగనే తెలిసినది. బోర్లించి నీరు పారబోసి, ఊకనింపిన గోనెలో చుట్టి ఇచ్చిరి. ట్యూడరు పొట్టునకు మన ఊక ఏమియు తీసిపోదు.

ఇంటి అరుగుపై నుంచి, అడుగున ప్రమిద పెట్టి, నువ్వులనూనెతో వెలిగించితిమి. పదినిమిషములకే ఆరినది. తప్పు మాదే: కరగిన నీరు పోవు దారి విడువలేదు, ప్రమిద మునిగినది. రెండవమారు సుత్తితో అడుగున ఒక గంటు పెట్టి, లోపల సగము ఇటుక వేసి, దానిపై ప్రమిద నుంచితిమి. గోడ వెలుపల మన గాలిలోని తేమ చెమటవలె పట్టి, బిందువు బిందువునకు ఒక చిన్న దీపము కనబడినది. అది పొడిచలిలో ఫిన్లాండువారికి కనబడదని తలచెదము. వీధిపిల్లలు చేతులు ఆనించి చూచిరి. ఎదురింటి పెద్దమ్మగారు వచ్చి, "ఎవరిపేర పెట్టితిరి బాబూ?" అని అడిగిరి. మాకు జవాబు తోచలేదు. ఆమె తన కొంగుననున్న రెండు వత్తులు తీసి, తన భర్తపేరు చెప్పుకొని, ప్రమిదలో వేసి పోయిరి.

ఏడుగంటలకు వెలిగించినది తొమ్మిదింటికి గోడ పలుచబడి ఒకవైపు ఒరిగినది. పదింటికి మంచు లేదు. అరుగు మెట్లపై నీరు జారి వీధికాలువలో కలిసినది. ఇటుకపై ప్రమిద మాత్రము ఇంకను వెలుగుచుండెను. నూనె సగమునకు పైగా ఉన్నది.